అడుగు కొసకు ఎర్ర ముడి

పొద్దుగాల ఏడయితుంది. సూరత్‌ల చలికాలమంటే పేరుకే గని, ఆ దినం మాత్రం మంచు గట్టిగనే పట్టింది. బమ్రోలి గల్లీల ఎదురుంగ వచ్చే ఆటో లైటు గూడ పసుపు ముద్ద లెక్క కానొస్తుంది. నా కడుపుల నిన్న పగటీలి తిన్న పిడికెడు పోహ తప్ప ఏం లేదు. సాంచ, అదే కరెంటు మగ్గం, ఆ పని ఇడిసి నెల దాటింది. నడుము వంగుతలేదు, చెవులు సగం పోయినయి. సేఠ్ "ఆరామ్ చేయి లింగమూర్తీ" అని మంచిగనే చెప్పి పంపిండు. మట్టి మోసేతందుకు ఎవరో మనిషిని అడుగుతున్నరంటే వెతుక్కుంట వచ్చిన.

వచ్చి చూస్తే అది మూతబడ్డ ఖాతా. సాంచలు నడిచే షెడ్డును మా దగ్గర ఖాతా అంటరు. సాంచలను బిగించిన బోల్టుల తొర్రలు నేలల ఇంక అట్లనే ఉన్నయి. సాంచలు లేవు. వాటి జాగల బల్లలు, నీళ్ల టబ్బులు, గోడ పొంటి ఇనుప ర్యాకులు. లోపటంత సముద్రపు బురద వాసన. ఆ బురద వాసన నడుమకెల్లి ఇంకో వాసన వచ్చింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం.

ఒకామె స్టూలు మీద కూసోని తింటుంది. నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"ఏందన్నా, పనికొచ్చినవా, పడిపోతందుకొచ్చినవా? జర ఆ గోడ పట్టుకో."

"పనికే చెల్లె."

"అయితే ముందు తిను." సగం రొట్టె తుంచి నా చేతుల పెట్టింది. "తిన్నంక అడుగు పనేందో. ఆకలి మీద ఒప్పుకున్నోడు తెల్లారి రాడు."

తిన్న. పని ఒప్పుకున్న. తెల్లారి గూడ పోయిన.

ఆమె పేరు తిరుమల. వాళ్ల నాయిన సిరిసిల్ల నుంచి సాంచల మీదికొచ్చి ఈడ లింబాయత్ బస్తీల ఒక్క అర్ర కిరాయికి తీసుకుంటే, ఆమె ఆ అర్రలనే పుట్టింది. బడి నాలుగో తరగతి దాక. తల్లికి జరమొస్తే ఆమె బదులు కండెలు చుట్టవోయింది, జరం తగ్గినంక గూడ బడికి మల్లలే. పెద్దగయినంక పోగులు అతికే పని పట్టింది. సాంచ మీద పాత పోగు అయిపోంగనే కొత్త పోగు ఎక్కిస్తరు గదా, ఆ పాత కొసకు కొత్త కొస ఒక్కొక్కటి ముడేసుడు. వేల పోగులు. కన్ను చెదరొద్దు, చెయ్యి ఆగొద్దు. ఆ పనిల తిరుమలకు మంచి పేరుండె. ఇంకో పేరు గూడ ఉండె. పోగు తప్పు అతుకుడు పడితే గజం నేసినంక గని తెల్వదు. చానమంది చప్పుడు చేయరు. తిరుమల సాంచ ఆపించి, "నేనే తప్పిన, ఇప్పుండ్రి" అని ఒర్లేదట. పని చూసే ముకద్దం తిడితే, "తప్పు చేసినోళ్లు చెప్తనే ఇంత తిట్టినవు, చెప్పకుంటే ఎవల్ని తిడుదువు?" అనేదట.

ముడి మిషిను వచ్చినంక ఆ పని పోయింది. పర్వత్ పాటియా దిక్కు మార్కెట్ల నేల ఊడ్చింది కొన్నేండ్లు. ఆఖరికి ఈ మట్టి రూంకొచ్చింది.

గొంతు మాత్రం ఖాతాలనే ఉండిపోయింది. సాంచల మోతల పెరిగిన మనిషి, గుసగుస గూడ గల్లీ చివరి దాక వినొస్తది. మొగడు సంపత్ ఇంక సాంచల మీదనే ఉన్నడు, పూర్తిగ చెవుడు. "మా ఆయనకు చెవులు పోవుడే నాకు కలిసొచ్చిందన్నా," అనేది. "ఇనొస్తే ఎప్పుడో పారిపోయేటోడు."

ఖాతాలల్ల ఒక పద్ధతి ఉంటది. పూట మారేటప్పుడు పోయేటోడు "పోతున్న" అని చెప్పడు. చెప్పినా ఆ మోతల ఎవలికి ఇనొస్తది? వచ్చినోని భుజం మీద చెయ్యేసి పక్కకు జరుగుతడు. వచ్చినోడు ఆ జాగల నిలవడతడు. అంతే. సాంచ ఆగొద్దు. మాకిద్దరికి ఆ అలవాటు ఒంట్ల ఉండె. మట్టి రూంల గూడ నేను టబ్బు కాడికి పోతే తిరుమల నా భుజం తట్టి జరిగేది, నేను జల్లెడ అందుకునేటోన్ని. సుప్రజ మేడం చూసి నవ్వేది.

సుప్రజ మేడం గుంటూరు దిక్కు పిల్ల. సముద్రం అడుగు మట్టి గురించే చదివింది. మమ్ముల "తిరుమల గారు, లింగమూర్తి గారు" అని పిలిచేది. మొదటిసారి అట్ల పిలిస్తే తిరుమల ఎనక్కి మర్రి చూసిందట, ఎవలన్న పెద్దమనిషి వచ్చిండా అని.

పనేందో మేడమే చెప్పింది. సముద్రం అడుగున ఏటేట ఇంత మట్టి పడుతది. దాంట్ల చుక్కంత పురుగుల ఇండ్లు గూడ పడుతయి. ఆ పురుగులు సున్నంతోని ఇల్లు కట్టుకుంటయి. పురుగు పోతది, ఇల్లుంటది. వానలు మస్తు పడి తాపీ నది నిండుగ వచ్చిన ఏండ్లల్ల ఒక జాతి ఎక్కువ. వానలు లేక నీళ్లు ఉప్పెక్కిన ఏండ్లల్ల ఇంకో జాతి. పొడుగు పైపును సముద్రం అడుగుల దించి తీస్తే మట్టి పొరలు పొరలుగ వస్తది. ఏ పొరల ఏ ఇండ్లున్నయో చూస్తే, ఎవలూ రాసిపెట్టని కాలంల గూడ వానలెట్ల పడ్డయో చెప్పొచ్చు.

"అంటే సముద్రంల గూడ మా గల్లీ లెక్కనే కిరాయిదార్లు మారుతరు," అన్నది తిరుమల.

"అంతేనండి," అన్నది మేడం. "ఎవరు ఉన్నారో తెలిస్తే అప్పుడు ఇల్లెలా ఉండేదో తెలుస్తుంది."

మట్టిని సన్న జల్లెడల కడిగితే బురద పోయి ఇసుక అంత మిగులుతది. దాన్ని ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, తడి కుంచె కొసతోని ఆ ఇండ్లను ఒక్కొక్కటి లేపి నల్ల పలక మీద పెట్టాలె. మొదటిసారి దాంట్ల చూసిన పొద్దు తిరుమల ఎట్ల ఒర్లిందో మేడం ఇప్పటికీ చెప్తది. "మేడం! జిలేబీ! అగో, గిటు మక్క పేలాలు!" నిజమే, కొన్ని జిలేబీ లెక్క చుట్టుకోని ఉంటయి, కొన్ని పేలాలు. అన్నం తినకుంట చూసుకుంట కూసుందట ఆ దినం.

హోళీ అయినంక పడవెక్కినం. హజీరా దిక్కు నుంచి తాపీ నోరు దాటి సముద్రంలకు. నాతోని రావాల్సిన మనిషి రాలే. తిరుమల "నేనొస్త" అన్నది. "ఈ ఊర్ల పుట్టిన, ఒక్కసారన్న సముద్రం నడిమిట్లకు పోయిన్నా? రోజు దాని బురద కడుగుతున్న, దాని మొకం చూడొద్దా?"

పడవ ఊగుడు మొదలైంది. సుప్రజ మేడం కడ్డీ పట్టుకోని వాంతులు. నీళ్లు తాగినా కక్కుతుంది. పడవోళ్లు పైపు దింపిన్రు, తీసిన్రు. మూడు మనుషుల పొడుగుంది. అంతకుముందు తీసినవన్ని పొట్టివి, దీని కోసమే మేడం రెండేండ్లు ఎదురుచూసింది. టెంపోల పట్టదు కాబట్టి ముక్కలు కొయ్యాలె. నేను పట్టుకున్న, పడవోడు రంపం పెట్టిండు. గుర్తు పెట్టేతందుకు పెన్ను తీస్తే తడి పైపు మీద గీత పడుతలేదు, పడ్డది గూడ బురద చెయ్యి తగిలి తుడుచుకపోతుంది. మేడం కండ్లు తెరిచే హాలత్‌ల లేదు.

తిరుమల కొంగు ముడి ఇప్పి ఎర్ర దారం తీసింది. ఎప్పుడూ కొంగుల దారం ఉంటది ఆమెకు. మీది దిక్కు నుంచి మొదటి ముక్కకు ఒక ముడి, రెండో దానికి రెండు, అట్ల ప్రతి ముక్కకు ఒక కొసన తొర్ర చేసి గట్టిగ కట్టింది. "నువ్వు పండుకో మేడం, నేను చూసుకుంట," అన్నది.

తిరిగొచ్చినం. ముక్కలను నిలువున చీరినం. ఒక సగం పరీక్షకు, ఒక సగం ముట్టకుంట చుట్టి ర్యాకుల దాచిపెడ్తరు. కడుగుడు మొదలైంది. దినమంత మట్టి, దినమంత జిలేబీలు.

రెండు నెలలకు మేడం మొకం వాడిపోయింది. లెక్కలు కుదురుతలేవు. ఒక ముక్కల వానల ఇండ్లు మెల్లగ పెరుగుకుంట వస్తే, తర్వాతి ముక్కల ఒక్కసారే మాయం. ఒక ముక్క ఎక్కడ ఆగిందో ఇంకోటి అక్కడ అందుకుంటలేదు. అడుగున గట్టిగ ఉండాల్సిన మట్టి మెత్తగుంది. టెంపోల కుదుపులకు అట్లయిందేమో అనుకున్నది. మట్టి వయసు చూసేతందుకు వేరే ఊరికి పంపాలె, గని ముక్కలే ఇట్లుంటే ఏ మొకం పెట్టుకోని పంపుతది?

దానికి తోడు గోవా నుంచి త్రివిక్రమరావు సార్ వస్తుండు. ఈ పని మొత్తానికి ఆయనే పెద్ద. పైపు మంచిదంటే పని నడుస్తది. పనికిరాదంటే నెలాఖరుకు రూం మూత. మల్ల పడవ పోదామంటే వానకాలం ముంగట్నే ఉంది. మేడం ఎనక్కి, మేం మల్ల ఊడ్చెటందుకో, మోసెటందుకో.

ఆయన వచ్చే ముంగటి దినం మేడం ఫోన్ల మాట్లాడుతుంది. "సార్, ఎర్ర ముడి ఉన్న వైపే పైభాగం సార్. అక్కడి నుంచే మొదలుపెట్టాను."

పొయ్యి కాడ చాయ్ పెడుతున్న తిరుమల ఇటు మర్రింది.

"ఎవలు చెప్పిన్రు మేడం మీకు?"

మేడం ఫోన్ మీద చెయ్యి పెట్టింది. "ఏంటండీ?"

"ముడి పైకని ఎవలు చెప్పిన్రు? ముడి అడుగుకు గదా."

చాయ్ పొంగి పొయ్యి మీద పడ్డది. ఎవలం చూడలే.

"గుడ్డ తాను నేస్తరు గదా మేడం," అన్నది తిరుమల. ఎన్నడూ లేనిది గొంతు చిన్నగయింది. "మొదలు నేసిన కొసకు ఎర్ర దారం ముడి పెడ్తం. అది రోలుల లోపటికి పోతది, తర్వాత నేసింది దాని మీదికొస్తది. మట్టి గూడ గట్లనే పడుతదని మీరే చెప్పిన్రు. ముందు పడ్డది అడుగుకు, తర్వాత పడ్డది మీదికి. అందుకే మొదటి కొసకు ముడేసిన. అన్నిటికి."

మేడం ఫోన్ పెట్టేసింది. కుర్చీల కూలబడ్డది. తర్వాత నవ్వింది, నవ్వుకుంటనే కండ్ల నీళ్లు వచ్చినయి.

"మీ లెక్క తప్పు కాదండి తిరుమల గారు. నేను అడగలేదు. అంతే."

"అయితే తిప్పి చూడుండ్రి. కుదురుతది."

"కుదురుతుంది. అదే భయం," అన్నది మేడం. "ఫలితం కుదరలేదని పైపునే తిరగేసుకున్నారంటారు. మాట చాలదండి. రుజువు కావాలి."

సార్ వచ్చిండు. పొట్టి మనిషి, గోదావరి దిక్కు మాట, కండ్లద్దాలు ముక్కు కొస మీద. అంత ఇన్నడు. తిట్టలే. అదే మా పాణం తీసింది.

"చూడమ్మా తిరుమలా, నువ్వు అబద్ధమాడావని అనట్లేదు. కానీ రేపు పదిమంది పెద్దలు అడుగుతారు, ఏది పైన ఏది కింద ఎలా తెలుసు అని. పడవ మీద ఒకావిడ ముడేసింది, రెండు నెలల తర్వాత గుర్తొచ్చింది అంటే నవ్వుతారు. మట్టే చెప్పాలి. మట్టి ఏమైనా చెప్తుందా?"

తిరుమల మేడం దిక్కు చూసింది. "మేడం, ఆ రంగు పోగులు?"

అప్పుడు తెలిసింది. మొదటి ముక్క కడిగినప్పుడు, ముడి లేని కొసల తిరుమలకు రంగు పోగులు దొరికినయట. ఎంట్రుక కంటె సన్నయి. రాణీ రంగు, నెమలి నీలం. మేడం అప్పుడు, "బట్టల మీంచి రాలుంటాయి, తీసి పక్కన పారేయండి" అన్నదట. పారేసింది.

"నిజంగా మట్టిలోవే అయితే అది పెద్ద సంగతి," అన్నడు సార్. "నైలాన్, పాలిస్టర్ పోగులు ఈమధ్య కాలంలోనే సముద్రంలోకి పోయాయి. వందల ఏళ్ల కిందటి మట్టిలో ఉండవు. కానీ మీరు మగ్గాల మనుషులు. ఒంటి నిండా పోగులే. ఇదిగో, నీ జుట్టులోనే రెండున్నాయి."

తిరుమల జుట్టు తడుముకుంది. నిజంగనే ఉన్నయి.

"దాచిన సగం ఉంది కదా సార్," అన్నది మేడం. "ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని కడుగుదాం. మీరే కడగండి. మేము లోపలికి రాము."

సార్ ఒప్పుకున్నడు. గని ఆయన ఏసుకున్న అంగీ గూడ టెరికాటనే. అచ్చ నూలు బట్ట కావాలె, అది గూడ తెల్లది.

"సార్, ఇది సూరత్," అన్నది తిరుమల. "ఈ ఊర్ల దేవుని దండకు గూడ నైలాన్ పోగే. నూలు యాడ తెస్తం?"

దుకాండ్లు తిరిగిన. తెల్లగున్నయి, మెత్తగున్నయి, చెయ్యి పెడితేనే తెలుస్తది మిషిని పోగని. ఆఖరికి ఇంటికి పోయి పెట్టె తీసిన. నా పెండ్లికి మా మామ సొంతంగ మగ్గం మీద నేసి పెట్టిన నూలు పంచెల జత ఉండె. తెచ్చి ఇచ్చిన. అంత పెద్ద సారు నా పెండ్లి పంచె కట్టుకోని, ఇంకోటి ఒంటి మీద కప్పుకోని, తలకాయకు తువ్వాల లెక్క కొస చుట్టుకోని నిలవడ్డడు. మేడం నవ్వు ఆపుకోలేక బయటికి ఉరికింది.

"పెండ్లికొడుకు మంచిగున్నడు," అన్నది తిరుమల. "పిల్ల యాడుంది సార్?"

"పిల్ల పైపులో ఉందమ్మా," అన్నడాయన, తలుపేసుకున్నడు.

బయట ఎండ దంచుతుంది. మేం ముగ్గురం రేకుల నీడకు నిలవడ్డం. లోపట నీళ్ల సప్పుడు. సార్ ముందు ఉత్త నీళ్లే జల్లెడల పోసి చూసిండు, దాంట్ల పోగులున్నయా అని. లేవని కిటికీల నుంచి చెప్పిండు. తర్వాత ముడి ఉన్న కొస. తర్వాత ముడి లేని కొస. ఆరబెట్టుడు. తిరుమల ఒక్క దగ్గర నిలవడుతలేదు.

"సార్, సన్నగ పోయుండ్రి నీళ్లు! గట్టిగ పోస్తే జిలేబీలు పలుగుతయి!"

"నాకు తెలుసమ్మా!"

"తెల్సని తెల్సు. చెప్తున్న అంతే."

ఇంక సేపటికి, "సార్, కుంచె తడి చేసుకున్నరా?"

లోపట కుర్చీ జరిగిన సప్పుడు వచ్చింది. మైక్రోస్కోపు కాడ కూసున్నడన్నట్టు. మేడం చేతుల చున్నీ కొస నలుగుతుంది. నేను గోడకు నడుము ఆనిచ్చిన. తిరుమల తలుపు సందుకు చెవి ఆనిచ్చింది. గల్లీ అవతల ఖాతాల సాంచలు నడుస్తున్నయి, టక టక టక అని. అవి తప్ప ఏం ఇనొస్తలే. ఎంత సేపాయెనో.

తలుపు తెరుచుకుంది. సార్ కండ్లద్దాలు నుదుటి మీదికి పోయినయి.

"ముడి ఉన్న కొసలో గవ్వలు తప్ప ఏమీ లేవు," అన్నడు. "ముడి లేని కొసలో గులాబీ ఉంది, నీలం ఉంది, పసుపూ ఉంది. చీరల కొట్టులా ఉంది. లోపలికి రా తిరుమలా."

"రానా సార్? పోగులు రాల్తయి."

"రాలనీ! ఇక ఎన్ని రాలితే నాకేం!"

ఆమె పోయి కన్ను పెట్టి చూసింది. చానసేపు లేవలే. తర్వాత నన్ను పిలిచి భుజం తట్టి జరిగింది. నేను చూసిన. జిలేబీల నడుమ ఒక రాణీ రంగు పోగు, వంకర తిరిగి పడి ఉంది. ఇన్నేండ్లు నేను నేసిన బట్టల నుంచి, నా ఒంటి నుంచి, నా ఇంటి నుంచి, మోరీల పడి, నదిల కలిసి పోయిన పోగులు ఎన్నో. దాంట్ల ఒకటి అయి ఉంటది. మా పేరు ఎవలూ యాడ రాసిపెట్టలే. సముద్రం మాత్రం ఒక పొర పెట్టుకుంది. వందల ఏండ్లకు ఎవలన్న పైపు దించితే, ఈ పొర కాడ మేమున్నమని తెలుస్తది.

సార్ ఇంక ఇడుస్తలేడు. "ఇది ఒక్క ముక్కకే రుజువు. మిగిలినవాటిలో పోగులుండవు. అవీ నువ్వు ఇలాగే కట్టావని ఎలా నమ్మేది?"

"నా చెయ్యి ఒక తీరుకు పడితే మారదు సార్."

"నీ చెయ్యి సంగతి పెద్దలకు తెలియదు కదమ్మా."

"కోసిన చోట్లు కలవాలి సార్," అన్నది మేడం గబాల్న. "రంపం ఒక పొరను సగానికి కోసి ఉంటే, సగం ఇటు, సగం అటు ఉండాలి."

దాచిన సగాలన్ని ర్యాకుల నుంచి దించిన. ఆ దినం నడుము నొప్పి నాకు యాదికి లేదు. నేల మీద, పాత సాంచల బోల్టు తొర్రల నడుమ, ముక్కలను వరుసగ పేర్చినం. ముడి అడుగుకు. అన్నిటికి ముడి అడుగుకే. నలుగురం మోకాళ్ల మీద వంగి అతుకు కాడ చూస్తున్నం. సారు ఇంక పంచెల్నే ఉన్నడు.

మొదటి అతుకు కాడ ఏం లేదు, అంత ఒకటే రంగు బురద. రెండో అతుకు కాడ, ఈ ముక్క కొసకు ఒక వేలెడు మందం గవ్వల పొర సగం తెగి ఉంది. ఆ ముక్క మొదట్ల మిగిలిన సగం. ఒక పెద్ద గవ్వను రంపం నడుమకు కోసింది. సార్ రెండు సగాలను వేళ్ల కొసలతోని దగ్గరికి తెచ్చి ఆనిచ్చిండు. గవ్వ పూర్తయింది.

మేడం నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాతి అతుకు కాడ బూడిద రంగు చార ఏటవాలుగ వచ్చి, అవతలి ముక్కల అదే వాలున పోతుంది. అడుగు దాక అతుకుతనే పోయినయి. ఒక్క పైపు. తెగనట్టే.

"ఒక్క పోగు తప్పలే!" అని తిరుమల ఒర్లిన ఒర్లుడుకు పక్క ఖాతాల నుంచి మనుషులొచ్చి తలుపుల నిలవడ్డరు. ఆ మందిని జరుపుకుంట సంపత్ వచ్చిండు, తిరుమలకు సద్ది పట్టుకోని. నేల మీద మోకాళ్లేసుకోని ఉన్న మమ్ముల, పంచె కట్టుకున్న సార్‌ను చూసిండు.

"ఏందే, పూజనా? ప్రసాదం గిట్ల ఉందా?"

అంత గట్టి నవ్వు ఆ రూం ఎన్నడూ ఇనలే. అతనికి చెప్పేతందుకు తిరుమల చెవుల ఒర్లింది, చేతులతోని చూపిచ్చింది. ఆఖరికి పైపును చూపిచ్చి, గుండెల మీద చెయ్యేసుకుంది. సంపత్‌కు ఏం సమజయిందో తెల్వదు. సద్ది డబ్బా కింద పెట్టి, ఆమె తలకాయ మీద చెయ్యి పెట్టిండు.

ఆ మాపటీలి మేడం పాత లెక్కలన్ని తిప్పి పేర్చింది. ముక్క నుంచి ముక్కకు వానల ఇండ్లు పెరుగుడు, తగ్గుడు, గీత ఎక్కడ తెగకుంట వచ్చింది. వేలు పెట్టి మాకు చదివిచ్చింది. "ఇక్కడ చాలా కాలం కరువండి. ఇక్కడ నది పొంగి పొంగి వచ్చింది. ఇవి ఏ కాలంవో ఇక పంపి తెలుసుకోవచ్చు." తిరుమల కరువు కాడ చెయ్యి పెట్టి, "పాపం, గప్పటోళ్లు ఏం తిన్నరో," అన్నది.

రూం మూత పడలే. సార్ నా పంచెలు ఉతికిచ్చి, మడత పెట్టి ఇచ్చిండు. పోయేటప్పుడు తిరుమలను అడిగిండు, "వానలు పోయాక గోవా నుంచి పెద్ద పడవ పోతుంది. ముక్కలకు గుర్తులు కట్టే మనిషి కావాలి. వస్తావా? ఈసారి ముడి పైన కడతావా, అడుగున కడతావా?"

"రెండు దిక్కుల కడ్త సార్. అడుగుకు ఎరుపు, పైకి పచ్చ. అడగనోనికి గూడ తెల్వాలె."

వస్తనని మాత్రం ఆమె అనలే. లింబాయత్‌ల పుట్టి, సూరత్ దాటి ఊరు చూడని మనిషి. వానకాలమంత ఆ ముచ్చటే ఎత్తలే. ఒక్కటి మాత్రం చేసింది. నన్ను రోజు కొంచెంసేపు మైక్రోస్కోపు కాడ కూసోబెట్టింది. "ఆ నడుముతోని ఇంకెన్నాళ్లు మోస్తవన్నా? కూసో. చెయ్యి వణుకొద్దు. ఊపిరి బిగబట్టు. అది జిలేబీ గాదు, ఇసుక. కండ్లా, గుండీలా అవి?" తిట్టుకుంట నేర్పింది. మెల్లమెల్లగ చెయ్యి కుదిరింది.

దసరా అయిపోయినంక ఒక పొద్దు. తెల్ల ఎండ. నేను టబ్బు మోసుకోని లోపటికొచ్చిన. తిరుమల ఎప్పటి లెక్కనే కుర్చీల ఉంది, వంగి కుంచె ఆడిస్తుంది.  నేను టబ్బు దించి నడుము పట్టుకోని నిలవడ్డ.

ఆమె లేసింది. కుంచె నా చేతుల పెట్టింది. భుజం మీద చెయ్యేసి, పక్కకు జరిగింది.

ఇన్నేండ్ల అలవాటు. నేను కూసున్న. కన్ను పెట్టిన. కుంచె కొసకు ఒక జిలేబీ సగం లేసి ఉంది, తడి ఆరకముందే పెట్టాలె. ఊపిరి బిగబట్టి నల్ల పలక మీద పెట్టిన. తలకాయెత్తి చూస్తే తలుపుల ఎండ ఉంది, ఆమె లేదు. బయట సంపత్ స్కూటరు షురూ అయిన సప్పుడు. వెనుక సీటు మీద ఆమె, ఒడిల బట్టల సంచి, కొంగు ముడికి ఎరుపు, పచ్చ దారం రెండు కండెలు. గల్లీ మలుపు తిరిగి ఉధ్నా రైలు టేషన్ దిక్కు పోయిన్రు.

మేడం లేవవోయింది. నేను ఒద్దని చెయ్యి చూపిచ్చిన. మల్ల కన్ను పెట్టి, ఇంకొకటి లేపిన.